ఘాట్ సెక్షన్: సూర్యం గ్లాసు

“మీ నాన్నకి కాఫీ కావాలేటో అడుగమ్మీ,” అంది గౌరీశ్వరి వంటింట్లోంచి.

మన్మథరావు వంటింటి గడప పక్కనే, ఆమె గరిటె చాస్తే తగిలేంత దగ్గరలో పీట మీద కూర్చుని ఉన్నాడు.

“నాన్నా, కాఫీ కావాలా అని అమ్మ అడుగుతోంది,” అంది ధనశ్రీ, ఫోనులోంచి తల ఎత్తకుండా.

“ఇనబడింది. నాకేటి సెవుడా?”

“సెవుడైతే బాగున్ను. సెవులున్నోలు అలాటి పని సేస్తారేటి?”

ఆ మాట కూతురితో అన్నదో, పొయ్యి మీద పాలగిన్నెతో అన్నదో తెలియలేదు. మొగుడితో మాత్రం అనలేదు.

మన్మథరావు మునిగుడలో బ్యాండు ప్రోగ్రాం నుంచి వచ్చినప్పట్నుంచీ ఇంట్లో ఇదే వరస. అన్నం వడ్డిస్తుంది. రక్తపోటు బిళ్ళ పళ్ళెం పక్కన మరిచిపోకుండా పెడుతుంది. మాట మాత్రం ధనశ్రీ మీదుగా వస్తుంది. ధనశ్రీ లెక్కలు చెప్పడానికి కాలేజీకి వెళ్ళిపోతే ఇక గోడే దిక్కు.

“ఇది వినండి,” అని ధనశ్రీ పైకి చదవడం మొదలుపెట్టింది. ఘాట్ సెక్షన్ బ్యాండుకి వచ్చే సందేశాలన్నీ చూసేది ఆమే. “‘ఆ ఖాళీలో బేస్ గిటార్ వాయించిందెవరు? ఎవరు వాయించమన్నారు?’ ఇది విశాఖపట్నం నుంచి. ‘మా తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ ఆ ఖాళీ కోసమే ఈ పాట వింటున్నాను. దాన్ని కూడా ఉండనివ్వరా?’ ఇది బరంపురం నుంచి. ఎవరో అమ్మాయి.”

“సాల్లే.”

“ఇంకా ఉన్నాయి నాన్నా.”

“సాలన్నాను కాదా!”

“కాఫీ కావాలో అక్కర్లేదో తేల్చమను,” అంది గౌరీశ్వరి.

మన్మథరావు లేచి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. అది పొరపాటు. ముందు గదిలో ఆర్గాన్ ఉంది.

సునాబెడ ఫ్యాక్టరీలో పని ముగించుకుని తిరిగి వెళ్ళిపోతూ ఒక రష్యన్ ఇంజనీరు వదిలేసిన ఎలక్ట్రిక్ ఆర్గాన్ అది. క్వార్టర్సు ఖాళీ చేసి కొరాపుట్‌లో సొంత ఇంట్లోకి మారినప్పుడు మంచాల కన్నా ముందు అదే దిగింది. దాని మీద కొట్పాడ్ నేత దుప్పటి. దాని ముందు ఒక కుర్చీ. రోజూ పొద్దున్నే గౌరీశ్వరి ఆ దుప్పటి దులిపి, ఎర్రంచు నేల తగలకుండా సర్ది మళ్ళీ కప్పుతుంది. మన్మథరావు బేస్ గిటార్ మూల గోడకి ఆనించి ఉంటుంది. గొడుగు పక్కన.

ఆ కుర్చీని చూస్తే అతనికి కడుపుమంట. అందులో కూర్చుని ఆర్గాన్ వాయించవలసిన సూర్యం ఇరవై ఏళ్ళ పైచిలుకు నుంచి అందులో కూర్చోలేదు. మనిషి మీద కుళ్ళుకోవచ్చు, లోకంలో అందరూ చేసే పనే. కుర్చీ మీద కుళ్ళుకునేవాడు ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు?

ఘాట్ సెక్షన్ వయసు ధనశ్రీ వయసు కన్నా ఎక్కువ. ఇప్పటి పిల్లలు ఆ సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటున్నారు. అప్పట్లో వీళ్ళు ‘పొడుగు పాటలు’ అనేవారు. విశ్వకర్మ పూజకి టౌన్‌షిప్ పందిట్లో మొదటిసారి ‘సొరంగం’ పాట ఎత్తుకుంటే, “సినిమా పాట ఎయ్యండ్రా” అని వెనకనుంచి అరిచారు. పాట అవ్వకముందే సగం పందిరి భోజనాల వైపు వెళ్ళిపోయింది. ఏడు దెబ్బల తాళం, మధ్యలో పదకొండుకి మారుతుంది, మళ్ళీ ఏడుకి వస్తుంది. ఎవరు చిందేస్తారు దానికి? ఆ తర్వాత వేసిన క్యాసెట్లు చాలా ఏళ్ళు అటక మీదే ఉన్నాయి. వాటినే ఎవరో హాస్టలుకి పట్టుకుపోయారు. హాస్టలు నుంచి ఇంకో హాస్టలుకి వెళ్ళాయి. చివరికి ఎవరో ఫోనుల్లోకి ఎక్కించారు. ఇప్పుడు ఘాట్ సెక్షన్ వాయిస్తోందంటే బెంగుళూరు నుంచి కూడా పిల్లలు బస్సులెక్కి వస్తున్నారు. జుట్టు నెరిసిన ముసలాళ్ళు నలుగురు, అందులో ఒకడు లేడు.

ఆ లేనివాడి కోసమే వస్తున్నారు. అదీ మన్మథరావు బాధ.

మొదట్నుంచీ బ్యాండుకి ఒక కట్టుబాటు ఉంది. ఫ్యాక్టరీలో ముగ్గురివీ మూడు షిఫ్టులు. సూర్యానిది రైల్వే సిగ్నల్ డ్యూటీ. నలుగురూ ఒకేసారి దొరకడం అరుదు. అందుచేత ఎవడు డ్యూటీలో ఉంటే వాడి చోటు అలాగే వదిలేసి మిగతావాళ్ళు వాయించాలి. నింపకూడదు. “నింపీసేరంటే ఆడు తిరిగొచ్చేసరికి ఆడికి సోటుండదు,” అని ఆ రోజుల్లో సూర్యమే అన్నాడు. తర్వాత రాయగడ లైను పడింది. సూర్యానికి రాయగడ బదిలీ అయింది. “వచ్చే ప్రాక్టీసుకి వొచ్చెస్తాను రా,” అని చెప్పి బండెక్కాడు. మరి రాలేదు.

‘సొరంగం’లో ఆర్గాన్ ఒక్కటే మోగే చోటు ఒకటుంది. అక్కడికి వచ్చేసరికి ఇప్పుడు వేదిక మొత్తం ఆగిపోతుంది. డ్రమ్ముల వెనక అప్పలరాజు బొటనవేలు మాత్రం చప్పుడు లేకుండా దెబ్బలు లెక్కపెడుతూ ఉంటుంది. జనం ఊపిరి బిగబడతారు. పెద్ద మైదానంలో పసిపిల్ల దగ్గితే కూడా వినిపిస్తుంది. ఆ ఖాళీ చివర ముగ్గురూ ఒక్క దెబ్బలో అందుకునేసరికి, బండి సొరంగంలోంచి వెలుగులోకి వచ్చినట్టు, ఉన్నవాళ్ళందరూ లేచి నిలబడతారు.

మునిగుడలో మన్మథరావు ఆ ఖాళీలో వాయించాడు. మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా.

ఎవరూ లేవలేదు.

*

అప్పలరాజు ఎండెక్కాక వచ్చాడు. ముందు గదిలోకి రాకుండా వీధరుగు మీదే కూర్చున్నాడు. బొద్దు మనిషి, డ్రమ్ములు లేకపోయినా వేళ్ళు ఎప్పుడూ మోకాలి మీద కొడుతూనే ఉంటాయి. ఈ రోజు కొట్టడం లేదు.

“ఒరే మన్మథా, ఆ రోజు నీకేటి పుట్టింది రా?”

“సెయ్యి జారింది.”

“జారిన సెయ్యి ఒక దెబ్బ జారుద్ది. ఆ సోటంతా జారుద్దేటి? నాను డ్రమ్ముల కాడ కూకున్నాను. నీ మొకం సూసేను. జారినోడి మొకం కాదది.”

మన్మథరావు అరుగు మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు.

“సెప్పు. నాతో సెప్పుకోపోతే ఎవులితో సెప్పుకుంటావు?”

“ఇన్నేళ్ళలో నాను ఒక్క ప్రాక్టీసుకి నాగా పెట్టేనా?”

“లేదు.”

“నీకు కామెర్లొస్తే నీ సోటు ఒగ్గీసి వాయించేం. సిన్నబాబు తల్లి పోతే గిటారు లేకండానే వాయించేం. అందరికీ కాళీలున్నాయి. నాకు లేదు. ఎందుకంటే నానెప్పుడూ ఉన్నాను. జొరమొచ్చినా ఉన్నాను. ధనశ్రీ పుట్టిన రోజున ఆసుపత్రి నుంచి సరాసరి వొచ్చేను.”

“అది నాకూ గేపకముంది,” అంది గౌరీశ్వరి లోపల్నుంచి. గోడతోనే.

“మరిన్నేళ్ళు వాయించినోడికి ఎవుడైనా లేసి నిలబడ్డాడా? ఆడు వాయించనిదానికి అందరూ నిలబడతారు. బేసు ఒక్కటే నడిచే సోటు నాకూ ఒకటుంది. అదొచ్చేసరికి జనం మంచినీల్లకెల్తారు. ఒంటేలుకెల్తారు. నాను కల్లారా సూస్తన్నాను రా, ఇన్నేళ్ళ బట్టి.”

“నీ సోటు బండి ఘాటెక్కే సోటు. ఘాటెక్కుతుంటే కిటికీలోంచి ఎవుడు సూస్తాడు? సొరంగమొస్తే సూస్తాడు. ఘాటెక్కకపోతే సొరంగమెక్కడిది?”

“మాటలు బాగున్నాయి. సప్పట్లు ఎవులికి?”

గౌరీశ్వరి మజ్జిగ తెచ్చింది. ఒక్క గ్లాసు. అప్పలరాజు చేతికిచ్చింది.

“ఒకటే తెచ్చేవేటి సెల్లీ?”

“మీ స్నేయితుడికి కావాలేటో నువ్వే అడుగన్నా. లేపోతే నీ గ్లాసు కాళీ అయ్యేక దాన్ని నింపుకోమను. కాళీలు నింపడం అలవాటయ్యింది కదా.”

అప్పలరాజు నవ్వు ఆపుకోబోయి మజ్జిగ మీసాల మీద చిందించుకున్నాడు. తుడుచుకున్నాక మాత్రం అతని ముఖంలో నవ్వు లేదు.

“ఒరే, ఇను. జయపురం ప్రోగ్రాం ఒప్పుకున్నాం. నానూ సిన్నబాబూ మాటాడుకున్నాం. ఆ కాళీ నీది కాదు, నాది కాదు. సూర్యంగాడిది. రాయగడెల్లి ఆడికి సెప్పు. ఆడు సరే అంటే సరే. లేదంటే నాను కర్రలు ముట్టను. బేసు కోసం ఇంకొకలిని ఎతుక్కోడం కూడా సెయ్యం. బేండు అక్కడితో అయిపోయినట్టే.”

“ఆడి కాళ్ళు పట్టుకోమంటావా?”

“కాళ్ళో సేతులో అక్కడికెల్లి సూసుకో,” అని అప్పలరాజు లేచి వెళ్ళిపోయాడు.

మన్మథరావు తిన్నగా వంటింట్లోకి వచ్చాడు. అతనికి కోపం ఎవరి మీదో తెలియలేదు. ఎదురుగా గౌరీశ్వరి ఉంది. అలమరలో వరసగా గాజు గ్లాసులున్నాయి. ప్రాక్టీసు జరిగే ప్రతి ఆదివారం నలుగురికీ నాలుగు గ్లాసుల టీ వస్తుంది. నాలుగోది ఆర్గాన్ ముందు కుర్చీ పక్కన పెడుతుంది.

“నీ కోపం నా మీద కాదు,” అన్నాడు. “ఆ గ్లాసు మీద మమకారం. ఇరవయ్యేళ్ళ బట్టి ఇంట్లో లేని మగోడికి టీ పోస్తన్నావు. ఎందుకు పోస్తన్నావే?”

ఆ మాట నోరు దాటాక గాని ఎంత చెడ్డదో అతనికి తెలియలేదు.

గౌరీశ్వరి చేతిలో గిన్నె తోమడం ఆగింది. కుళాయి కట్టింది. కుళాయి నుంచి ఒక్కొక్క చుక్కే పడుతోంది.

“అమ్మీ,” అంది, ధనశ్రీ ఇంట్లో లేదని తెలిసి కూడా. “మీ నాన్నని రాయగడ ఎల్లొచ్చెయ్యమను. ఎల్లొచ్చేక సెప్తాను, ఎందుకు పోస్తన్నానో.”

*

కొరాపుట్ నుంచి రాయగడకి బండిలో వెళుతూ ఉంటే సొరంగాలు వస్తూనే ఉంటాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో మాటలు ఆగిపోతాయి. ఎదుటి సీటులో పొగాకు బేరం గురించి ఒడియాలో కీచులాడుకుంటున్న ఇద్దరు కూడా చీకట్లో నోరు మూసుకుని, వెలుగు రాగానే విడిచిన మాట దగ్గరే అందుకున్నారు. మన్మథరావుకి అది విని కూడా కడుపు మండింది. ఇక్కడా ఆ సూర్యంగాడే గెలిచాడు.

టికిరి స్టేషను దాటాక ఎదుటి సీటతను అడక్కుండానే కిటికీ పక్క చోటు ఇచ్చాడు. గాలి తగలగానే మన్మథరావుకి ప్రాణం కాస్త కుదుటపడింది. ఆ కాస్తా రాయగడ దాకా సరిపోయింది.

సూర్యం ఇల్లు స్టేషను వెనక. వాకిట్లో గోనె పరిచి, మొగుడూ పెళ్ళాం చింతపండు ఈనెలు తీస్తున్నారు. సూర్యం జుట్టు పూర్తిగా తెల్లబడింది. వేళ్ళు మాత్రం అవే, పొడుగ్గా, ఈనె దొరికితే చాలు లాగి పారేస్తున్నాయి.

“రా అన్నియ్యా,” అంది సూర్యం భార్య సుభద్రమ్మ. “మా సవితి ఎలాగుంది?”

“సవితేటి?”

“మీ బేండే. నాను కాపరానికొచ్చేసరికే ఉంది కదా. ఇన్నేళ్ళయినా ఒదల్లేదు. మునిగుడలో బందువులింటికెల్తాను అంటే నిజమే అనుకున్నాను. ఈయన మీ ఆట సూడ్డానికెల్లేడు.”

మన్మథరావు సూర్యం వైపు చూశాడు.

“అక్కడున్నావా?”

“ఎనక, సోడాబండి పక్కన.” సూర్యం తల ఎత్తలేదు. “ప్రతీసారీ ఉంటాను. జయపురమొచ్చేను. కొరాపుట్ కూడా వొచ్చేను. మీకు కనబడకుండా ఎల్లిపోతాను.”

“ప్రతీసారీ వొస్తావు గాని ప్రాక్టీసుకి రావా? గౌరి నీ కుర్చీ తుడవని రోజు లేదు. మేం నీ సోటు ఒగ్గీసి…”

“అందుకే రాలేదు.”

సుభద్రమ్మ లేచి లోపలికి వెళ్ళింది. టీ పెట్టడానికి కాబోలు. వెళుతూ చింతపండు గోనె ఎండలోంచి నీడకి లాగింది, ఇద్దరూ నీడలోకి జరిగేలా.

“నాను వాయించిన రోజుల్లో ఆ సోటు కాడ సప్పట్లు కొట్టేరేట్రా?” అన్నాడు సూర్యం. “గేపకం తెచ్చుకో. విశ్వకర్మ పూజకి ఏటన్నారు? సినిమా పాట ఎయ్యమన్నారు. నానెల్లిపోయేక కొట్టేరు. మొదటిసారి జయపురంలో ఎనక నిలబడి ఇన్నాను. నా సోటొచ్చింది. మీరు ఆగేరు. అందరూ లేసేరు. నా పక్కోడు ఏడుస్తన్నాడు. అంత బాగా నానెప్పుడూ వాయించలేదు రా. మరి తిరిగొచ్చి ఏటి వాయించాల? ఒకసారి వాయిస్తే అందరికీ తెలిసిపోద్ది కదా, ఇంతేనా అని.”

మన్మథరావుకి నవ్వొచ్చింది. తను ఆ కుర్చీ మీద కుళ్ళుకున్న ఏళ్ళన్నీ, ఆ కుర్చీలోవాడు కూడా అదే కుర్చీ మీద కుళ్ళుకుంటూ ఉన్నాడు.

“అయితే నాను సేసినదానికి నీకు కోపం లేదా?”

“ఉంది. ఎందుకుండదు? నా సోటు నింపీసేవు. ఇంక నాను దాక్కోడానికి సోటేది?” సూర్యం మొదటిసారి తల ఎత్తాడు. “అది ఒగ్గీ. ఆ రోజు నువ్వేటి వాయించేవో నీకు తెల్సా?”

“నాదే. నా సొంతం. ఇన్నేళ్ళు మనసులో ఉన్నది.”

“నీది కాదు. నాదే. నాను వాయించినది పొల్లుపోకండా, కింది తీగల మీద. నడుమలో నాను ఎప్పుడూ ఒక కాడ తడబడీవోడిని, గేపకముందా? ఆ తడబాటు కూడా వాయించేవు.”

స్టేషను వైపు నుంచి గూడ్సు బండి చప్పుడు వినిపించింది. మన్మథరావు తన ఎడమచేతి వేళ్ళ వైపు చూసుకున్నాడు. ఒక్కసారి, జన్మలో ఒక్కసారి, తనకంటూ ఒకటి వాయించాననుకున్నాడు. అది కూడా వీడిదే.

“మరిచిపోయేరనుకున్నాను,” అన్నాడు సూర్యం మెల్లగా. “ఒక్కడికైనా గేపకముందని తెల్సింది. ఆదివారం ప్రాక్టీసుకి వొస్తాను. రాజుగాడికి సెప్పు. ఒక్క మాట మీద వొస్తాను.”

“ఏటది?”

“ఆ రోజు నువ్వు వాయించకూడదు. నాగా పెట్టు. బయట కూకో. నీ సోటు కాళీగా ఒగ్గీసి మేం ముగ్గురం వాయిస్తాం. నీకూ ఒకటుండాల కదా.”

సుభద్రమ్మ టీ తెచ్చి చేతిలో పెట్టింది. అడక్కుండానే పంచదార తక్కువ వేసింది. ఆ మాత్రం దయకే అతని కళ్ళు చెమ్మగిల్లబోయాయి.

“నాను లేనట్టు ఎవులికీ తెలకపోతే?” అన్నాడు.

సూర్యం మళ్ళీ చింతపండు అందుకున్నాడు.

*

మర్నాడు సాయంత్రం సూర్యం పెట్టిన షరతు గౌరీశ్వరికి చెప్పాడు. ధనశ్రీ ఇంట్లోనే ఉంది. అయినా గౌరీశ్వరి కూతురి వైపు చూడలేదు. తిన్నగా అతన్నే చూసింది.

“ఏటన్నారు మీరు?”

“సరే అన్నాను. అనకేటి సెయ్యను?”

“మంచిదే.” చీర కుచ్చిళ్ళు సర్దుకుని గడప మీద కూర్చుంది. “ఆ గ్లాసు ఎందుకు పోస్తన్నానని అడిగేరు కదా. అది ఎవులు తాగుతారో ఎప్పుడైనా సూసేరా?”

అతను ఆలోచించాడు. టీ వచ్చేది, కుర్చీ పక్కన ఉండేది. ప్రాక్టీసు అయ్యాక గ్లాసు కడిగి బోర్లించి ఉండేది. ఆ మధ్యలో ఏమైందో అతనికి ఎప్పుడూ తట్టలేదు.

“నాను తాగుతాను,” అంది గౌరీశ్వరి. “ఆదివారం పొద్దుట్నుంచి నా నడుం ఒంగే ఉంటాది. మీకు ఉప్మా, ఆలకి టీ, రాజన్నకి మజ్జిగ, ఎవులో ఒకలు మంచినీల్లని కేకెయ్యడం. ఆ కాళీ వొచ్చినప్పుడే ముగ్గురూ నోరు మూస్తారు. అప్పుడు నాను లోనకొచ్చి, ఆ గ్లాసు అందుకుని, ఈ గడప మీద కూకుంటాను. తాగడమయ్యేసరికి మీరు మల్లీ మొదలెడతారు. నాను లేస్తాను.”

“నీకో గ్లాసు వేరే పోసుకోవచ్చు కదా…”

“పోసుకోవచ్చు. ఎప్పుడు తాగాల?”

ధనశ్రీ ఫోను పక్కన పెట్టేసి తల్లినే చూస్తోంది.

“నాకా ఇంట్లో లేనాయన మీద మమకారమేటి? ఆయన లేని ఆ కాసేపు మీద నాకు మమకారం. దాన్ని కూడా మునిగుడలో నింపీసేరు. రేపు ఇంట్లో కూడా నింపీస్తారని బెంగెట్టుకున్నాను. అంతే నా కోపం.”

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. మన్మథరావు ముందు గదిలోని కుర్చీ వైపు చూశాడు. ఇన్నేళ్ళూ అందులో ఎవరు కూర్చున్నారనుకుని ఏడ్చాడో, అక్కడ వాళ్ళెవరూ లేరు.

*

ఆదివారం సూర్యం వచ్చాడు. చిన్నబాబు అతన్ని కావలించుకుని వదల్లేదు. అప్పలరాజు వేళ్ళు మోకాలి మీద మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాయి. గౌరీశ్వరి దుప్పటి తీసి మడతపెట్టింది. మన్మథరావు వీధరుగు మీద, కిటికీ పక్కన కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

టీ వచ్చింది. నాలుగు గ్లాసులు. సూర్యం తన గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. నాలుగోది మన్మథరావు కూర్చునే ముక్కాలి పీట మీద పెట్టింది గౌరీశ్వరి.

‘సొరంగం’ ఎత్తుకున్నారు. ఆర్గాన్ చోటు వచ్చింది. సూర్యం వాయించాడు. తడబడే చోట తడబడ్డాడు. బాగుంది. పాత స్నేహితుడు ఇంటికొస్తే ఉన్నంత బాగుంది, అంతకన్నా ఎక్కువ కాదు. ఆ సంగతి తనకి సంతోషంగా ఉందా అని మన్మథరావు తనని తాను తడిమి చూసుకున్నాడు. లేదు.

ఇక తన చోటు. ఘాటెక్కే చోటు.

గిటారు ఆగింది. డ్రమ్ములు ఆగాయి. మన్మథరావు ఊపిరి బిగబట్టాడు. సరిగ్గా అప్పుడు, సన్నగా, లోలోపల గొణిగినట్టు బేసు మోగింది.

సూర్యం ఎడమచెయ్యి. ఆర్గాన్ కింది మెట్ల మీద మన్మథరావు చోటు నింపేస్తోంది. జాలిపడ్డాడో, ఇన్నేళ్ళు వెనక నిలబడి విన్న చెయ్యి ఊరుకోలేకపోయిందో. ఒక్క స్వరం తప్పలేదు. చిన్నబాబు కళ్ళు మూసుకుని తలూపుతున్నాడు. ఎవరికీ ఏమీ లోటు లేదు.

అదీ సంగతి, అనుకున్నాడు మన్మథరావు. నేను లేనట్టు కూడా తెలియలేదు. చెప్పుల కోసం కాళ్ళతో తడిమాడు.

“ఆపండి.”

ఆర్గాన్ ఆగింది. ఇన్నేళ్ళ ప్రాక్టీసుల్లో ఆ గదిలో టీ తీసుకోండి అన్న మాట తప్ప గౌరీశ్వరి ఇంకొక మాట అనలేదు. ఇప్పుడు గది మధ్యలో నిలబడి ఉంది.

“సూర్యమన్నా, ఎవులి సోటది?”

“తెలకుండా సెయ్యి ఎల్లిపోయింది సెల్లెమ్మా…”

“ఈయన సెయ్యెల్లిపోతే రాయగడ దాకా ఎల్లొచ్చేడు. నువ్వెక్కడికెల్తావు?” అంది. “అది ఆయన సోటు. ఎన్నడూ నాగా పెట్టనాయన మొదటిసారి పెట్టేడు. కాళీగా ఒగ్గీండి. మొదట్నుంచి ఎత్తుకోండి.”

అప్పలరాజు కర్రలు అందుకున్నాడు.

మళ్ళీ మొదలైంది. ఏడు దెబ్బలు, పదకొండు, ఆర్గాన్, తడబాటు. మళ్ళీ ఘాటెక్కే చోటు.

ఈసారి ఏమీ మోగలేదు.

మన్మథరావు అంత లోతుగా నిశ్శబ్దాన్ని ఎన్నడూ వినలేదు. సూర్యం ఖాళీలో జనం ఎదురుచూస్తారు. దీనిలో ఎదురుచూపు లేదు. కాళ్ళ కింద నేల తీసేసినట్టుంది. ముగ్గురు ముసలాళ్ళూ గాల్లో నిలబడ్డవాళ్ళలా ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటున్నారు. అప్పలరాజు పెదాలు కదుపుతూ, కళ్ళు కిటికీ వైపు తిప్పి, ఒరే వచ్చెయ్ రా అన్నట్టు చూశాడు.

మన్మథరావు లేచాడు. తలుపు మీద చెయ్యి వేశాడు. ఒక్క తోపు తోస్తే బేసు గొడుగు పక్కనే ఉంది. జయపురం ఉంది. అంతా ఉంది.

తలుపు సందులోంచి గౌరీశ్వరి కనిపించింది. ముక్కాలి పీట మీది గ్లాసు అందుకుని గడప మీద కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. కళ్ళు మూసుకుని, తొందరేమీ లేనట్టు ఒక్కొక్క గుక్కే తాగుతోంది.

గ్లాసులో ఇంకా సగం ఉంది.

అతను తలుపు తొయ్యలేదు. చెయ్యీ తియ్యలేదు.